విగ్రహం వట్టిదే అయితే ప్రసాదానికి అభ్యంతరమెందుకు? పౌలు మాటలపై ఒక సందేహం

ప్రశ్న: కృష్ణలంక పాఠకుడు

అందరికీ వందనాలు. నేను బాప్టిస్టు సంఘానికి చెందినవాడిని. విజయవాడలో ఒక వర్క్‌షాపులో స్టోర్సు చూసుకుంటాను. ఏటా దసరాకు మా దగ్గర ఆయుధపూజ జరుగుతుంది. లేతు యంత్రాలకూ, స్పానర్ల పెట్టెకూ పసుపు కుంకుమలు పెట్టి, గుమ్మం దగ్గర బూడిద గుమ్మడికాయ కొట్టి, పులిహోర, శనగలు పంచుతారు. ఇన్నాళ్లూ నేను ఒక పక్కన నిలబడి, పంచినది తీసుకొని ఊరుకొనేవాడిని. ఈ ఏడు అందరిలోకీ పెద్దవాడిని నేనే కాబట్టి కొబ్బరికాయ నన్నే కొట్టమని తోటివారు ప్రేమగానే అడుగుతున్నారు.

ఈ విషయంలో ఇద్దరిని సంప్రదించాను. మా పాస్టరు గారు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 10వ అధ్యాయం తీసి, అన్యజనులు అర్పించే బలులు దయ్యాలకే అర్పిస్తున్నారని అపొస్తలుడైన పౌలు చెప్పిన వచనం చూపించారు. పులిహోర కూడా ముట్టవద్దన్నారు. వేదాంత కళాశాలలో చదివిన మా మేనమామ కొడుకు అదే పత్రిక 8వ అధ్యాయం తీసి, లోకంలో విగ్రహం వట్టిదనీ, ఒక్కడే దేవుడు తప్ప వేరొక దేవుడు లేడనీ అదే పౌలు అన్నాడు గదా, లేనిదానికి భయపడడం దేనికని నవ్వాడు.

ఒకే మనిషి, ఒకే పత్రిక, మధ్యలో ఒక్క అధ్యాయం ఎడం. వేరే దేవతలు లేరు అన్నదే బైబిలు మాట అయితే ఈ నిషేధమంతా దేని గురించి? ఉన్నారు, కాని మ్రొక్కకూడదు అన్నదే మాట అయితే దేవుడొక్కడే అనడంలో అర్థమేమిటి? కొబ్బరికాయ సంగతి తరువాత. ముందు ఈ మూలం తేల్చుకోవాలని ఉంది. తెలిసినవారు వివరించగలరు.

సమాధానం: కొండపల్లి

మీ పాస్టరు గారూ, మీ బంధువూ ఇద్దరూ సరైన వచనాలనే చూపించారు. అయితే చెరొక సగం దగ్గర ఆగిపోయారు. పౌలు ఈ పత్రిక వ్రాసింది సుమారు క్రీ.శ. 54-55 ప్రాంతంలో, ఎఫెసు నుండి. కొరింథు క్రీ.పూ. 44లో రోమను వలసగా మళ్లీ వెలసిన రేవు పట్టణం. అక్కడ గుడి అంటే పూజా స్థలం మాత్రమే కాదు, విందు స్థలం కూడా. వైద్యదేవుడైన అస్క్లేపియసు ఆలయ ప్రాంగణాన్ని త్రవ్వినప్పుడు మూడు భోజనశాలలు బయటపడ్డాయి. ఒక్కొక్క గదిలో గోడల వెంబడి 11 మంది ఒరిగి కూర్చొని తినడానికి శయ్యలు అమర్చే ఏర్పాటు ఉంది. ఊరికి ఆనుకొని ఉన్న కొండవాలులో దెమేతేరు దేవత స్థలంలోనూ ఇటువంటి గదులు ఉన్నాయి. తరువాతి కాలానివే అయినా, ఈజిప్టులోని ఆక్సిరింకసులో దొరికిన పాపిరసు ఆహ్వానాలు ఈ వాతావరణాన్ని కళ్లకు కడతాయి: ఫలానా ఆయన రేపు ఫలానా వేళకు సరాపిసు ప్రభువు బల్ల వద్ద భోజనానికి మిమ్మల్ని పిలుస్తున్నాడని వాటిలో ఉంటుంది. ప్రభువు బల్లలోనూ దయ్యాల బల్లలోనూ కూడా పాలు పొందలేరని పౌలు వ్రాసినప్పుడు చదివేవారికి ఆ పోలిక ఎంత సూటిగా తగిలి ఉంటుందో ఊహించుకోవచ్చు. ఆ బల్లకు పిలిచేవాడు పేరుకు మనిషే అయినా, వచ్చినవారంతా ఆ దేవుడి అతిథులే.

ఇప్పుడు వచనాల దగ్గరికి వద్దాం. విగ్రహం వట్టిదన్న మాట కొరింథులోని చదువుకున్న విశ్వాసులు తమ వాదంగా వాడుకొంటున్నదని పలువురు వ్యాఖ్యాతలు భావిస్తారు. పౌలు ఆ మాటను కాదనడు. కాని దానినుండి వారు తీసిన ముగింపును, అంటే కాబట్టి గుడి భోజనశాలలో కూర్చున్నా ఏమీ కాదన్న ముగింపును, ఒప్పుకోడు. బజారులో కటికవాని అంగడిలో అమ్మే మాంసాన్ని ఏ విచారణా చేయకుండా తినమంటాడు. అవిశ్వాసి ఇంటికి భోజనానికి పిలిస్తే వెళ్లి వడ్డించినది తినమంటాడు. ఎవరైనా ఇది బలి అర్పించినదని చెబితే మాత్రం, చెప్పినవాని మనస్సాక్షి కోసం మానుకోమంటాడు. పదార్థం అదే, మాంసం అదే. తినే చోటూ, ఆ చోట తినడానికి ఉన్న అర్థమూ మారిపోయాయి. దయ్యాల మాట కూడా ఆయన కొత్తగా కల్పించింది కాదు, ద్వితీయోపదేశకాండము 32వ అధ్యాయంలో మోషే పాడిన పాటలోనిది.

మీ అసలు సందేహానికి నా సమాధానం ఇది. దేవుడొక్కడే అన్నది తలలు లెక్కపెట్టి చెప్పిన మాట కాదు. దేవదూతలు, ప్రధానులు, అధికారాలు, దురాత్మలు, ఇలా కంటికి కనిపించని శక్తులతో బైబిలు లోకం కిక్కిరిసి ఉంటుంది. వాటిని కాదనవలసిన అవసరం మన మతానికి ఎన్నడూ రాలేదు. బైబిలు గీసిన గీత వేరే చోట ఉంది: సృష్టించినవాడు ఒకడు, తక్కిన సమస్తమూ సృష్టి. గీతకు ఇవతల ఎంత గొప్ప శక్తి ఉన్నా అది మనలాగే సృష్టింపబడినదే, మనలాగే మోకరిల్లవలసినదే. దేవుడు ఏ జాతిలోనూ ఒక సభ్యుడు కాడని 13వ శతాబ్దంలో వేదాంతి తోమా అక్వినాసు వాదించింది ఇందుకే. కనుక విగ్రహం వెనుక పౌలు దేవతను చూడలేదు. కాని ఆ ఆరాధన ఎవరికీ చెందకుండా గాలిలో కలిసిపోతుందని కూడా అనుకోలేదు. ఆరాధన అనే పని మనిషిని ఎవరికో ఒకరికి కట్టివేస్తుందన్నది ఆయన భయం.

రోమను అధికారులకు కూడా ఇది బాగా తెలుసు. క్రీ.శ. 112 ప్రాంతంలో బితూనియ పాలకుడు ప్లినీ చక్రవర్తి త్రాజానుకు వ్రాసిన లేఖ చూడండి. క్రైస్తవులన్న ఆరోపణతో తన ముందుకు వచ్చినవారిని అతడు దేవతలు ఉన్నారా లేరా అని ప్రశ్నించలేదు. దేవతలను ప్రార్థించి, చక్రవర్తి ప్రతిమ ముందు ధూపం, ద్రాక్షారసం సమర్పించి, క్రీస్తును దూషిస్తే విడిచిపెట్టాడు. 250లో దేకియసు చక్రవర్తి కాలంలో ఇచ్చిన ధ్రువపత్రాలు ఈజిప్టులో దొరికాయి. అధికారుల సమక్షంలో పానార్పణ చేసి, బలి ఇచ్చి, బలిమాంసం రుచి చూశానని వాటిలో పేరుపేరునా వ్రాసి ఉంటుంది. ప్రభుత్వం కోరింది ఆ చేతిపనీ, ఆ ముద్దా మాత్రమే. మనసులో ఏమి నమ్ముతావన్నది వారికి అక్కరలేదు.

సమాధానం: మల్కాజిగిరి టీచరు

నేను హిందువును, ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం చెబుతాను. పై వివరణ శ్రద్ధగా చదివాను, నిజాయితీగా ఉంది. అయినా కొన్ని మాటలు అడగాలనిపిస్తున్నది, తప్పుగా అనుకోవద్దు.

మొదటిది, అనేకమంది దేవతలను పూజించేవారంతా అనేకమంది దేవుళ్లను నమ్ముతారన్నది మీ వాదానికి పునాదిలా కనిపిస్తున్నది. మా ఇంట్లో వినాయకచవితికి వినాయకుడు, శ్రావణ శుక్రవారం లక్ష్మి, శనివారం వేంకటేశ్వరుడు. మా నాన్నగారిని అడిగితే, ఉన్నది ఒక్కటే, పండితులు దానిని పలు విధాల చెబుతారన్న ఋగ్వేద వాక్యం చెప్పేవారు. అప్పుడు మా పూజ ఎవరికి చెందుతుంది? మీ లెక్క ప్రకారం దయ్యాలకేనా? కోట్ల మంది భక్తిని ఆ ఒక్క మాటతో కొట్టిపారేయడం నాకు బాధ కలిగించే విషయమే.

రెండవది, తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అని ముగ్గురిని చెబుతూ ఒక్కడే అంటారు. మేము అలాంటి మాటే చెబితే బహుదేవతారాధన అంటారు. మూడవది మరియమ్మ పుణ్యక్షేత్రమైన గుణదల. ఫిబ్రవరి ఉత్సవానికి నేనూ వెళ్లాను. తలనీలాలు ఇచ్చేవారు, కొబ్బరికాయ కొట్టేవారు, మొక్కు తీర్చుకొనేవారు అక్కడా కనిపించారు. నాకు తిరుమల కొండ మీద ఉన్నట్లే అనిపించింది. నాకు అది నచ్చింది కూడా. కాని గీత ఎక్కడ ఉందో మాత్రం తెలియలేదు.

సమాధానం: ఫిరంగిపురం

నేను కథోలికుడిని కాబట్టి గుణదల మాట నా మీదే పడింది. టీచరు గారూ, మీ ప్రశ్నలు న్యాయమైనవి. త్రిత్వం సంగతిని మాత్రం త్వరగా ముగిస్తాను, అది ఒక పోస్టులో తెమిలేది కాదు. పేతురు, యాకోబు, యోహాను ముగ్గురిదీ ఒకే మానవ స్వభావమైనా ముగ్గురు మనుషులంటాము గదా, మరి ముగ్గురు దేవుళ్లని ఎందుకు అనకూడదని 4వ శతాబ్దంలోనే అబ్లబియసు అనే ఆయన నిస్సా బిషప్పు గ్రెగొరీని అడిగాడు. ముగ్గురు మనుషులు ఒకే వృత్తి చేసినా ఎవరి పని వారిది. దేవునిలో అలా విడివిడి పనులు లేవు, ప్రతి క్రియా తండ్రి నుండి బయలుదేరి కుమారుని ద్వారా సాగి ఆత్మలో పూర్తవుతుందని ఆయన జవాబు. మీకు ఇది ఒప్పుదల కాకపోవచ్చు. కాని మీ ప్రశ్న క్రైస్తవుల ఇంటి లోపలే పుట్టిందని చెప్పడానికి ఈ సంగతి వ్రాశాను.

ఒక్క పరమసత్యానికి అనేక రూపాలన్న వాదం కూడా మా చరిత్రకు కొత్త కాదు. 384లో రోము నగరాధికారి సిమ్మాకసు, శాసనసభా మందిరంలోనుండి తొలగించిన విజయదేవత బలిపీఠాన్ని తిరిగి పెట్టించమని చక్రవర్తికి విన్నపం పంపాడు. ఇంత గొప్ప రహస్యాన్ని ఒక్క దారినే చేరుకోవడం సాధ్యం కాదని అందులో అన్నాడు. చదివితే మీ నాన్నగారి మాట గుర్తుకు వస్తుంది. మిలాను బిషప్పు అంబ్రోజు దానిని గట్టిగా ఎదిరించి నెగ్గాడు. మరి ఏడేళ్లకు, 391లో, థియొడోసియసు చక్రవర్తి బలులను చట్టంతో నిషేధించాడు. నా మటుకు నేను అంబ్రోజు వేదాంతాన్ని ఒప్పుకొంటాను, చక్రవర్తి చట్టాన్ని మాత్రం ఒప్పుకోలేను. ధూపం వేయలేదని చంపించుకొన్నవారి వారసులు, ధూపం వేసేవారిని శిక్షించడం నాకు మింగుడుపడదు.

ఇక అందరి భక్తీ దయ్యాలకేనా అన్న ప్రశ్న. పౌలే ఏథెన్సులో వేరే తీరుగా మాట్లాడాడు. ఊరి నిండా విగ్రహాలు చూసి ఆయన ఆత్మ పరితపించిందని అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయం చెబుతుంది. అయినా ఆ ఊరి సభ అయిన అరేయొపగులో నిలబడి, తెలియబడని దేవునికి అని వ్రాసి ఉన్న బలిపీఠాన్ని ఎత్తి చూపి, వారి కవి మాటలనే వాడుకొని, మీరు తెలియక భక్తి చేస్తున్నవానినే నేను ప్రకటిస్తున్నాను అన్నాడు. కొరింథు మాట విశ్వాసులకు చేసిన హెచ్చరిక. ఏథెన్సు మాట బయటివారితో సంభాషణ. మొదటిదానిని తీసుకొని రెండవవారి మీద విసరడం మనవాళ్లు తరచుగా చేసే పొరపాటు. 1965 అక్టోబరు 28న రెండవ వాటికను మహాసభ వెలువరించిన ప్రకటన హిందూమతాన్ని పేరుపెట్టి ప్రస్తావించి, ఆయా మతాలలో సత్యమూ పవిత్రమూ అయినదానిని వేటినీ కథోలిక సంఘం త్రోసిపుచ్చదని చెప్పింది. అలాగని అన్ని దారులూ ఒకటేనని అది అనలేదు. క్రీస్తును ప్రకటించక తప్పదని ఆ పక్కనే వ్రాసింది.

గుణదలలో గీత ఎక్కడ ఉందంటే, 787లో నికయలో జరిగిన రెండవ మహాసభ దానిని గీసింది. ప్రతిమకు చేసేది గౌరవం, అది ప్రతిమలో చిత్రించిన వ్యక్తికి చేరుతుంది. ఆరాధన మాత్రం దేవునికే. మరియమ్మ దేవత కాదు, ఆమెను ఆరాధించము, మా కోసం ప్రార్థించమని అడుగుతాము. పుస్తకంలో ఈ గీత స్పష్టంగానే ఉంది. ఉత్సవంనాడు కొండ మెట్ల మీద అంత స్పష్టంగా ఉండదని నేను ఒప్పుకొంటాను. మోషే చేయించిన ఇత్తడి సర్పం దేవుని ఆజ్ఞ ప్రకారమే చేసినది. కొన్ని తరాల తరువాత జనం దానికి ధూపం వేయడం మొదలుపెడితే హిజ్కియా రాజు దానిని ముక్కలు చేయించాడు. వస్తువు మంచిదైనంత మాత్రాన భయం తీరిపోదు.

సమాధానం: తార్నాక విద్యార్థి

నేను ప్రాచీన చరిత్ర చదువుతున్నాను. సోదరుడు అడిగిన ఉన్నారా, లేరా అన్న ప్రశ్నకు పాత నిబంధనలోనే రెండు స్వరాలు వినిపిస్తాయి. న్యాయాధిపతులు 11వ అధ్యాయంలో ఇశ్రాయేలు నాయకుడు యెఫ్తా అమ్మోనీయుల రాజుతో, నీ దేవత కెమోషు నీకిచ్చినదానిని నీవు అనుభవించు, మా దేవుడు మాకిచ్చినదానిని మేము అనుభవిస్తాము అన్న ధోరణిలో మాట్లాడతాడు. 82వ కీర్తనలో దేవుడు దైవముల సభలో నిలిచి వారికి తీర్పు తీరుస్తాడు. యెషయా 44వ అధ్యాయానికి వస్తే స్వరమే మారిపోతుంది: ఒకడు చెట్టు నరికి, సగం కట్టెలతో చలి కాచుకొని, రొట్టె కాల్చుకొని, మాంసం వండుకొని, మిగిలిన మొద్దును దేవుడిగా చెక్కి నన్ను రక్షించమని సాగిలపడతాడని ఎగతాళి చేస్తాడు.

ప్రజల ఆచరణ ఇంకా కలగాపులగంగా ఉండేది. సీనాయి ప్రాంతంలోని కుంతిల్లెత్ అజ్రూదులో 1975-76లో జరిగిన త్రవ్వకాలలో, క్రీ.పూ. 8వ శతాబ్దం నాటి జాడీల మీద యెహోవా పేరిటా, ఆయన అషేరా (ఆ ప్రాంతపు ఒక దేవత పేరు) పేరిటా ఆశీర్వచనాలు దొరికాయి. క్రీ.పూ. 5వ శతాబ్దంలో ఈజిప్టులోని ఎలెఫంతీను ద్వీపంలో స్థిరపడిన యూదులు తమ దేవుని ఆలయం కోసం వ్రాసుకొన్న చందాల పట్టీలో మరి రెండు దైవాల పేర్ల మీద కూడా సొమ్ము చూపారు. ప్రవక్తలు అంతగా కేకలు వేయడానికి కారణం ఇదే గదా. పొరుగువారి విగ్రహాలకన్నా ఇంటి లోపలి విగ్రహాల మీదే వారి కోపం ఎక్కువ. యెఫ్తా మాటను సిద్ధాంతంగా తీసుకోవడం మాత్రం సరికాదు. అది యుద్ధానికి ముందు జరిగిన రాయబారం.

ప్రశ్నించినవారు: కృష్ణలంక పాఠకుడు

అందరికీ కృతజ్ఞతలు. సృష్టికర్త, సృష్టి అన్న గీత నాకు బాగా పట్టుబడింది. ఇప్పుడు కొబ్బరికాయ మాట అడుగుతాను. రాజుల రెండవ గ్రంథం 5వ అధ్యాయంలో సిరియా సేనాధిపతి నయమాను ఉన్నాడు గదా. తన రాజు రిమ్మోను దేవత గుడిలో తన చేతిమీద ఆనుకొని మ్రొక్కేటప్పుడు తానూ వంగవలసి వస్తుంది, దానికి క్షమాపణ కావాలని అడిగితే ప్రవక్త ఎలీషా నెమ్మదిగలిగి పొమ్మన్నాడే తప్ప వద్దనలేదు. నాదీ ఉద్యోగధర్మమే అనుకోవచ్చా?

సమాధానం: కొండపల్లి

నయమానును జాగ్రత్తగా చదవండి. ఇకమీదట వేరే దేవతలకు బలి అర్పించనని ముందే చెప్పి, ఇశ్రాయేలు దేశపు మన్ను రెండు కంచరగాడిదల మోత అడిగి తీసుకొన్న తరువాతే ఆ మాట అడిగాడు. రిమ్మోను గుడిలో మ్రొక్కేది రాజు. రాజుకు ఊతంగా నిలబడినవాడు ఆయనతోపాటు వంగక తప్పదు. ఆయుధపూజలో మీరు ఇన్నాళ్లూ నిలబడిన చోటు అటువంటిదే, దానిని తప్పుపట్టను. యంత్రాలు తుడిచి శుభ్రం చేయండి, పూలు తెప్పించండి, అందరితో కలిసి నిలబడండి. కొబ్బరికాయ కొట్టడం అర్పణే, అదీ మీ చేతితో, అందరి తరఫున. 1623లో పోపు 15వ గ్రెగొరీ మదురైలో జెస్విటు మిషనరీ రాబర్టు డి నొబిలీ వాదనను మన్నించి, క్రైస్తవులైనవారికి జంధ్యం, పిలక, గంధం లోకాచారాలుగా అనుమతించాడు. 1742లో తుదిగా నిషేధించిన చైనా పితృగౌరవ ఆచారాలను 1939లో రోము మళ్లీ పౌర ఆచారాలుగా ఒప్పుకొంది. అంత ఉదారంగా ఆలోచించినవారు కూడా ఇది సమాజ మర్యాదా, దేవతకు సమర్పణా అన్న ప్రశ్న దగ్గరే తర్జనభర్జన పడ్డారు. కొబ్బరికాయ రెండవ వైపుదని నా అభిప్రాయం. పులిహోర మీ ఇష్టం.

సమాధానం: నరసరావుపేట సంఘపెద్ద

పులిహోర మీ ఇష్టం అన్న మాటను నేను ఒప్పుకోను. అది ప్రసాదమని చెప్పే చేతిలో పెడతారు. 10వ అధ్యాయం 28వ వచనం ప్రకారం అలా చెప్పిన తరువాత తినకూడదు. ప్రకటన గ్రంథం 2వ అధ్యాయంలో పెర్గము, తుయతైర సంఘాలను విగ్రహార్పితం తినమని బోధించేవారిని ఉండనిచ్చినందుకు గద్దించారు. యెరూషలేములో అపొస్తలులు కూడా అన్యజనులలోనుండి వచ్చిన విశ్వాసులకు దీనినే నియమంగా పెట్టారు. మన పూర్వులలో ఎందరో ఆ పూజలను వదిలి వచ్చినవారే, ఊరి పోలేరమ్మ జాతరకు దున్నపోతు చందా ఇవ్వనందుకు తిట్లు తిన్నవారే. వారి మనుమలకు అది ఒట్టి తిండి అని చెప్పడం సులువు. నిన్న మొన్న బాప్తిస్మం తీసుకొన్న కుర్రవాడు ఆ వర్క్‌షాపులోనే పనిచేస్తూ ఈయనను చూస్తుంటే అతని సంగతేమిటి? పౌలు బలహీనుడైన సహోదరుడు అన్నది అటువంటివాని గురించే.

సమాధానం: మల్కాజిగిరి టీచరు

తినడం, మానడం మీరూ మీరూ తేల్చుకోండి. అవతలి వైపున ఉండేదానిని కాబట్టి ఒక్క మాట చెబుతాను. మా పాఠశాలలో సరస్వతీపూజకు ఒక క్రైస్తవ సహోద్యోగిని నాలుగు రోజుల ముందే నాతో, దీపం నేను వెలిగించనమ్మా, పిల్లలకు పుస్తకాలు నేను పంచుతాను అన్నారు. ఎవరికీ ఏమీ అనిపించలేదు. మరొకరు ఎన్నడో, హారతి పళ్లెం దగ్గరికి వచ్చాక మొహం తిప్పుకొన్నారు. అది ఇప్పటికీ చెప్పుకొంటారు. కాబట్టి సోదరుడు దసరాకు వారం ముందే, ఎవరైతే ప్రేమగా అడిగారో వారికే విడిగా చెప్పడం మంచిది. కొట్టడానికి రెండవ పెద్దవాడు ఎవరో కూడా తానే సూచిస్తే ఇంకా మంచిది.